బీరప్ప తాత కట్టిన తోక

బీరప్ప తాత తన తల దువ్వుకోగా ఎవరూ చూడలేదు. పెండ్లినాడు కూడా నలుగురు పట్టుకొని నూనె పెట్టాల్సి వచ్చిందట. అలాంటి మనిషి గుర్రం జూలు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని పట్టింపులు పట్టేవాడు. జూలు కుడి దిక్కే పడాలి. దువ్వెన తగలొద్దు, చిక్కు వేళ్లతోనే తీయాలి. కత్తెర లాయంలోకే రావొద్దు. తోక నేలకు జానెడు ఎత్తున ఆగాలి. అంతకంటే పైకి పోతే అది తోక కాదు, చీపురు.

ఇవన్నీ ఆయనకు ఎవరూ నేర్పలేదు. కురుమల ఇంట్లో పుట్టి గొర్రెల వెంట తిరగాల్సినవాడు పన్నెండేండ్లకే దొర లాయంలో చేరాడు. అక్కడ గుర్రాలను చూసి చూసి తన పద్ధతి తానే పెట్టుకున్నాడు.

"గొర్లకు ఉన్ని కోస్తరు గద, గుర్రానికి కోస్తే ఏమైతది?" అని హన్మమ్మ అవ్వ కొత్త కాపురంలో అడిగింది.

"గొర్రెకు సిగ్గు లేదే. గుర్రానికి ఉంటది."

"మరి నీ నెత్తికో?"

తాత తువ్వాల నెత్తికి చుట్టుకొని లాయానికి పోయాడు.

దొర పేరు పాండురంగం. పెద్దేముల్ దిక్కు ఊరు, తాండూరు రైలు దిగితే రెండు గంటల నడక. ఆయన ఒకసారి సికింద్రాబాదు లష్కరుకు పోయి ఫౌజు గుర్రాల కవాతు చూసి వచ్చాడు. వచ్చినరోజే తాతను పిలిచాడు.

"బీరిగా, రేపటిసంది తోకలు మోకాలి కాడికి బరాబరి కోయాలె. జూలు ముడులు ముడులు అల్లి ఎర్ర దారం కట్టాలె."

"ఈగలు ఎట్ల కొట్టుకుంటది దొరా?"

"ఈగలు కొట్టనీకె నువ్వున్నవ్ గదరా."

దొర మాట కాదనే దమ్ము తాతకు లేదు. అట్లని తన పద్ధతి విడిచే బుద్ధీ లేదు. పొద్దున ముడులు అల్లేవాడు. దొర గుర్రం దిగి ఇంట్లోకి పోగానే అన్నీ విప్పి, జూలు కుడికి వేసి, వేళ్లతో సవరించేవాడు. రోజుకు రెండు మాలీసులు, ఒకటి దొర ఇష్టానికి, ఇంకొకటి తన ఇష్టానికి. లాయంలో ఉన్నవి మూడు గుర్రాలు. వాటిలో మైనా అనే ఎర్రమట్టి రంగు ఆడగుర్రం తాత చేతుల్లోనే పుట్టింది. పుట్టినప్పుడు దాని ముఖం మీది మాయ తుడిచింది కూడా తాతే.

తోకలు మాత్రం కోయక తప్పలేదు గానీ, కోసిన వెంట్రుకలను తాత పారేయలేదు. కోసిన వెంట్రుక గాలికి పోతే గుర్రం మనసు కూడా ఆ గాలి వెంటే పోతుందని ఆయన నమ్మకం. మైనా వెంట్రుకలు ఒక సంచిలో వేసి దూలానికి వేలాడదీశాడు. పిట్టలు పట్టేవాళ్లు ఉచ్చులకోసం వచ్చి పిడికెడు ఇయ్యమని బతిమాలినా ఇవ్వలేదు. "మా ఇంట్ల జొన్నల సంచి లేదు గాని తోకల సంచి ఉన్నది" అని అవ్వ వాడకట్టంతా చెప్పుకొని నవ్వేది.

ఆ నవ్వులు ఎక్కువ రోజులు సాగలేదు. దొర రజాకార్లతో కలిసి ఊళ్ల మీద పడి ధాన్యం వసూలు చేయడం మొదలుపెట్టాడు. ఇయ్యనివాళ్లను చింత బరిగెలతో కొట్టించేవాడు. చుట్టుపక్కల అలా తోక కోసిన గుర్రాలు ఇంకెవరికీ లేవు. మొద్దు తోక దూరం నుంచి కనబడితే చాలు, మగవాళ్లు చేలల్లోకి ఉరికేవాళ్లు. తాత నున్నగా కోసిన తోకే దొర ముద్ర అయింది.

నలభై ఎనిమిదిలో యూనియన్ మిలిట్రీ వస్తోందన్న కబురు రాగానే దొర మూడు పెట్టెలతో హైదరాబాదు రైలెక్కాడు. ఎక్కేముందు తాతతో ఒక్క మాట అన్నాడు. "మైనను ఎవ్వనికి దక్కనియ్యకు." తెల్లారి జనం దొర ఇల్లయిన గడి మీద పడ్డారు. ధాన్యం గరిసెలు పగలగొట్టారు, లాయానికి నిప్పు పెట్టారు. తాత మైనాను, తోకల సంచిని మాత్రం తప్పించి జొన్నచేనులో దాక్కున్నాడు. మిగతా రెండు గుర్రాలు బయటికి ఉరికాయి. ఒకటి ఎటో పోయింది. రెండోదాన్ని బావి దగ్గర చుట్టుముట్టి గొడ్డళ్లతో నరికారు. దొర మీద పడాల్సిన దెబ్బలన్నీ దాని మీద పడ్డాయి. కొట్టినవాళ్లలో తాతకు తెలిసిన ముఖాలే ఎక్కువ. వాళ్ల మీద ఆయనకు కోపం రాలేదు. ఒకడి వీపు మీద బరిగె వాతలు ఇంకా మానలేదు.

మైనాను చూస్తే దీన్నీ నరుకుతారు. అవ్వ పుట్టిల్లు ధారూర్ అవతల. అక్కడి దాకా చేరితే బతుకుతుంది. జూలు ముడులు విప్పడానికి ఎంతసేపు? తాత నీళ్లు చల్లి, కుడికి వేసి, పల్లె గుర్రంలా చేశాడు. కానీ తోక ఒక్కరోజులో పెరగదు కదా. చంకలో పిల్లతో చేనులోకి వచ్చిన అవ్వ సంచి దిక్కు చూసింది. తాత కూడా చూశాడు.

కూర్చొని, సంచిలోని వెంట్రుకలు పాయలు పాయలుగా కలిపి, మైనా తోకలోకే అల్లి, పొడుగు తోక చేశాడు. దూరం నుంచి చూస్తే పుట్టుతోక అనే అనుకోవాలి. ఇక తోక మొదలు దగ్గర గట్టిగా కట్టాలి. గుర్రానికి కట్టే ఏ కట్టయినా తాత గొంగడి ఉన్ని దారంతోనే కట్టేవాడు. ఉన్ని సాగుతుంది, ఒంటిని కోయదు. ఆ దారం ఉండలన్నీ లాయంలో కాలిపోయాయి. అవ్వ తన మూటకు కట్టిన గోగునార తాడు విప్పి ఇచ్చింది. తాత దాన్ని చేతిలో పట్టుకొని కాసేపు కట్టకుండా ఉన్నాడు.

"ఇది తడిస్తే బిగుస్తది."

"వాన లేదు గద" అన్నది అవ్వ. "కట్టు తొందర."

కట్టాడు. జారిపోతుందన్న భయంతో ఇంకో నాలుగు చుట్లు ఎక్కువే చుట్టాడు. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది.

వాగు దగ్గర కర్రలు పట్టుకొని పదిమంది నిలబడి ఉన్నారు. అందులో ఒకడు జంగప్ప అని, మనిషి పొట్టి, గొంతు పెద్దది.

"ఎవని గుర్రమిది?"

"మా మామది. ధారూర్."

"దొరది గాదు గద?"

"దొర గుర్రం ముంగట నాకేం పని అన్నా."

జంగప్ప మైనా చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. తోక పట్టుకొని చూస్తాడేమోనని అవ్వ కావాలనే చంకలో పిల్లను గిచ్చింది. పిల్ల ఏడుపు అందుకుంది. "పోండ్రి, పోండ్రి. దొరదైతే మొద్దు తోక ఉండు" అని జంగప్ప దారి ఇచ్చాడు. ఆ గిచ్చుడు పిల్లే మా అమ్మ. ఆ మచ్చ ఇంకా ఉందని ఇప్పటికీ చూపిస్తుంది. ఏ చెయ్యి గుర్తొస్తే ఆ చెయ్యి చూపిస్తుంది.

వాగు దాటారు గానీ రోడ్డు మీద మిలిట్రీ లారీలు, వాటి వెనక గుంపులు. పగలు నడిచే వీలు లేదు, రాత్రి వాగులు పొంగుతున్నాయి. సీతాఫలం పొదల్లో మూడు రోజులు ఉండిపోయారు. వాన తెరిపి ఇవ్వలేదు. రెండో రోజు నుంచి మైనా వెనక భాగం చెట్టుకేసి రాయడం మొదలుపెట్టింది. కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తోంది. గడ్డి ముట్టలేదు. గుర్రం చెవి కదిలితే దానికి దాహమా, భయమా చెప్పగలిగే మనిషి, ఆ మూడు రోజులు దాని దిక్కు చూడనే లేదు. ఆయన చెవులు రోడ్డు మీదే ఉన్నాయి.

"జర విప్పి చూడయ్యా" అన్నది అవ్వ.

"ఈగలకు గట్ల చేస్తది."

"ఇంత వానల ఈగలు యాడియి?"

"ఇప్పుడు విప్పితే మళ్ల కట్టనిస్తదా? ఊరు చేరినంక చూద్దాం."

మూడో రోజు రోడ్డు ఖాళీ అయ్యాక నడిచి, సాయంత్రానికి అవ్వ పుట్టింటి ఊరు చేరారు. పశువుల కొట్టంలో కట్టేసి, తాత కొడవలితో తాడు కోశాడు. తాడు చర్మంలోకి దిగిపోయింది. కింద తోక చల్లగా ఉంది. చెయ్యి వేస్తే వెంట్రుకలు, అతికించినవీ సొంతవీ కలిసి, పిడికిట్లోకి వచ్చేశాయి. చర్మం నల్లబడి ఉంది. వేపనీళ్లు, పసుపు, ఆముదం, తెలిసినవన్నీ పెట్టాడు. పన్నెండో రోజు పొద్దున పోయి చూసేసరికి తోక ఎముకతో సహా గడ్డిలో పడి ఉంది. మైనా దాని పక్కనే నిలబడి గడ్డి తింటోంది. తాత దాన్ని తువ్వాలలో చుట్టి పెంటకుప్ప వెనక పూడ్చిపెట్టాడు. ఆ రోజు అన్నం తినలేదు. ఆ తరువాత కూడా ఎన్ని రోజులు తినలేదో అవ్వ లెక్క చెప్పదు.

యాభైలో వికారాబాదుకు వచ్చి పాత టాంగా ఒకటి సంపాదించాడు. స్టేషన్ ముందు మైనాను నిలబెట్టేసరికి తోటి టాంగావాళ్లకు పండుగ అయింది. బాలప్ప అని ఒకడు ఉండేవాడు. "బీరన్నా, నీ గుర్రానికి ముంగలేది, ఎన్కలేది? ఎటు దిక్కు కూసోవాలె?" అని అడిగేవాడు రోజూ, ఏదో కొత్తగా తోచినట్టు.

తోక ఏమైందని అడిగినవాళ్లకు తాత కథ చెప్పేవాడు. ఖద్దరు టోపీ ఎక్కితే రజాకార్లు కోశారు. షేర్వానీ ఎక్కితే మిలిట్రీవాళ్లు కోశారు. వేరే ఊరివాడు ఎక్కితే దొంగలు కోశారు. ఎవరు ఎక్కినా కోసినవాడు మాత్రం ఇంకెవడో. అవ్వ ఆ కథలు అన్నీ విన్నది, ఒక్కసారి కూడా అడ్డం చెప్పలేదు. తాడు ఇచ్చింది తనే కదా.

తోక లేని గుర్రం ఎదురొస్తే శుభం కాదని పెండ్లివాళ్లు ఎక్కరు. పురిటికి పోయేవాళ్లు ఎక్కరు. చివరికి ఆ టాంగా ఎక్కేది అనంతగిరి మీది క్షయ దవాఖానకు పోయే రోగులే. వాళ్లకు శకునాలతో పని లేదు. గుట్ట ఎక్కుతుంటే వెనక ఒకరు దగ్గుతుంటారు, ముందు తాత వేపకొమ్మ పట్టుకొని మైనా మీద వాలే ఈగలను కొడుతుంటాడు. "నా మీది గూడ కొట్టు బిడ్డా" అని ఒక ముసలాయన నవ్వాడట. ఆయన మళ్లీ గుట్ట దిగలేదు. మైనా వెనక భాగాన గొంగడి ముక్క కప్పి, దాని అంచుకు ఉన్ని కుచ్చులు వేలాడదీశాడు. అయినా ఈగ తెలివి ఈగకు ఉంటుంది.

ఒకసారి పాండురంగం దొర ఆ స్టేషన్లోనే దిగాడు. చిక్కిపోయాడు, చేతిలో ఒకటే సంచి. తాతను గుర్తుపట్టాడు.

"బీరిగా, మైనా ఏమైందిరా?"

మైనా రెండు గజాల దూరంలో నిలబడి ఉంది.

"నరికిన్రు దొరా."

"ఇదేం గుర్రంరా, తోక లేదు" అని దొర బాలప్ప టాంగా ఎక్కి వెళ్లిపోయాడు. ఆ అబద్ధం చెప్పడం వల్లే మైనా తనకు దక్కిందని తాత అవ్వతో అన్నాడు. సంతోషంగా అన్నాడో ఏడుస్తూ అన్నాడో అవ్వకే సరిగా తెలియలేదు.

అరవైలో, వానాకాలం మొదట్లో, తోక మొదలు దగ్గర పుండు లేచింది. ఏటా లేచేదే, ఏటా మానేదే. ఈసారి మానలేదు. పురుగు పడింది. తాత ఒక్కొక్క పురుగునూ పుల్లతో తీసి, కర్పూరం నూరి కొబ్బరినూనెలో కలిపి పోసేవాడు. పొద్దుటికి మళ్లీ అంతే ఉండేవి. వెనక కాళ్లు వణకడం మొదలై, ఒకరోజు స్టేషన్ ముందే మైనా కూలబడింది. బాలప్ప ఉరికి పోయి పశువుల డాక్టరును తెచ్చాడు. కొత్తగా కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కొని పుండు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చీము వెన్నెముకలోకి దిగిందయ్యా. ఇంక లేవదు. బాధ లేకుండా సూది వేయడమొక్కటే దారి." తరువాత వేలితో ఆ మొద్దు చుట్టూ ఉన్న పాత మచ్చను తడిమాడు. "తోక ఎవరో కోశారని నన్ను పిలుచుకొచ్చినతను చెప్పాడు. కోసిన మచ్చ ఇలా గుండ్రంగా పడదు. తాడు బిగిస్తే పడుతుంది. ఎవరు కట్టారు దీన్ని?"

టాంగావాళ్లంతా చుట్టూ ఉన్నారు. పదేండ్లుగా రజాకార్ల కథ విన్నవాళ్లు, మిలిట్రీ కథ విన్నవాళ్లు, దొంగల కథ విన్నవాళ్లు. తాత మైనా తల ఒళ్లో పెట్టుకొని జూలులో చిక్కు తీస్తున్నాడు.

"నేనే సారు."

డాక్టరు సూది తీసి, వేయమంటావా అన్నట్టు చూశాడు. తాత తల ఊపాడు. మైనా పెద్దగా కొట్టుకోలేదు. కాళ్లు ఒకసారి చాచింది.

మైనాను తీసుకుపోవడానికి, చచ్చిన గొడ్లను ఎత్తుకుపోయే యోబు ఎడ్లబండి తెచ్చాడు. నలుగురు పట్టి ఎక్కించారు. బండి వెళ్లిపోయాక బాలప్ప వచ్చి తాత పక్కన కూర్చున్నాడు. తాత అతనికి వాగు, జంగప్ప, పొదలు, అన్నీ వరుసగా చెప్పాడు. ఒక్కటీ మార్చలేదు.

"గొడ్డండ్లు పట్టుకొని తిరుగుతుంటే ఎవడైనా అదే చేస్తడు" అన్నాడు బాలప్ప. "నేనైనా గట్లనే కడుదును బీరన్నా."

"నువ్వు కడతవు. నీకు తెల్వదు గావట్టి." తాత లేచి తువ్వాల దులుపుకున్నాడు. "నాకు తెలుసు బాలప్పా."

చక్రాల కింద అడ్డం పెట్టిన రాళ్లు తీశాడు. టాంగా ముందరి రెండు కర్రల మధ్య తనే దూరి, రెండు చేతులతో పట్టుకొని లాగడం మొదలుపెట్టాడు. బాలప్ప వెనక నుంచి ఇంటి దాకా తోశాడు.