రాయమల్లు నమిలిన వేరు

దుర్గం రాయమల్లును నేను మొదట చూసినది 1986 జూన్‌లో, గోదావరిఖనిలోని మా పాఠశాల ప్రహరీ దగ్గర. కూతురిని ఆరవ తరగతిలో చేర్పించడానికి వచ్చి, అప్పుడే సున్నం వేసిన గోడ మీద తంబాకు ఉమ్మాడు. నేను బకెట్టు చూపించాను. నీళ్ళు తెచ్చి గోడ కడిగాడు.

"తప్పయింది పంతులమ్మా. బొగ్గు బాయిల బీడీ బంద్. దిగేముందు జేబులన్నీ తడుముతరు. గందుకే ఈ తంబాకు. షిఫ్టు అయిపోయేదాక నోట్లనే ఉంటది."

"మానలేవా?"

"మా ఇంటామె ఒట్టు పెట్టించింది. మూడు గంటలు నిలవడ్డది." నవ్వి, వెంటనే ఆపాడు. "మా అన్న నోట్ల పుండుతోనే పోయిండు. నాకు గదే ఫికర్."

మా నాయనమ్మ పంటినొప్పికి అక్కలకర్ర వేరు నమిలేది. దానితో నాలుక మొద్దుబారుతుంది. మొద్దుబారిన నాలుకకు పొగాకు రుచించదని ఆమె అనేది. ఆ మాట రాయమల్లుకు చెప్పినది నేనే. సిరాజుద్దీన్ మూలికల దుకాణంలో వేరు కొని, తంబాకు గుర్తుకు వచ్చినప్పుడల్లా నమిలాడు. నెలలోనే మానేశాడు.

మరుసటి సంవత్సరం అతని భార్య సారలమ్మ బడికి వచ్చింది. "కూరల ఉప్పేసిన్నో లేదో ఆయనకెరుకనే లేదు టీచరమ్మా. ఏది పెడితే అది తింటడు. నాకు సుకమే!"

తంబాకు మానినా, మళ్ళీ మనసు లాగుతుందేమోనన్న భయంతో అతడు వేరు విడువలేదు. 1989లో గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేవరకు బుగ్గ లోపలి పుండు సంగతి అతనికి తెలియదు. వరంగల్లు డాక్టరు అడిగాడు: "ఇన్నాళ్ళూ నొప్పి లేదా?"

లేదు. పుండు పొగాకుదేనని, వేరు దాని నొప్పిని మాత్రమే కప్పిందని డాక్టరు అన్నాడట. సారలమ్మ ఆ మాట చెప్పిన రోజు నాకు ఊరట కలగలేదు, దుఃఖమూ కలగలేదు. ఇంటికి పోయి జవాబు పత్రాలు దిద్దాను.

చివరిసారి అతని క్వార్టరుకు వెళ్ళినప్పటికి దవడలో సగం తీసివేశారు. అతడు గొణిగినది సారలమ్మ వినిపించింది.

"పంతులమ్మా, నా మాట మీద మా షిఫ్టోళ్లు నలుగురు ఆ వేరు నములుతున్నరు. వాళ్లల్ల ఎల్లేశంకు చెప్పుండ్రి, కడుమ ముగ్గురిని పిలుస్తడు. తంబాకు మల్ల పట్టొద్దనుండ్రి. గాని జల్ది దవాఖానకు పోయి నోరు చూపిచ్చుకోమనుండ్రి. నొప్పి లేదంటరు. నమ్మకుండ్రి."