వదినగారి గదికి పాత రంగు

రంగు వేయడంలో నాకు కొన్ని నియమాలున్నాయి. పాత రంగును పూర్తిగా గీకిన తరువాతనే కొత్తది వేయాలి. మొదటి పూత ఆరకముందే రెండవ పూతకు తొందరపడకూడదు. కుంచెను ఏ రోజుకారోజు టర్పెంటైన్‌లో కడిగి, తుడిచి, వేలాడదీయాలి. ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలంలో బెంచీలకూ నల్లబల్లలకూ దగ్గరుండి రంగు వేయించినవాణ్ణి కనుక, తెనాలిలోని మా వీధిలో ఈ విషయమై నా మాటకు కొంత విలువ ఉంది. అటువంటి నా ఇంట్లో, నా కళ్లెదుటనే, నా భార్య నిన్న రంగు వేసిన బల్లను ఇవాళ ఉప్పుకాగితంతో గీకసాగింది.

"ఏం చేస్తున్నావు?" అని అడిగాను.

"పాతది చేస్తున్నానండి."

"అది పాతదే కదా. నిన్నంతా కష్టపడి దాన్ని కొత్తది చేశాం."

"నిన్న కొత్తది చేశాం. ఇవాళ మళ్లీ పాతది చేస్తున్నాం. కాస్త పక్కకి జరగండి, వెలుతురు పడట్లేదు."

దీనికంతటికీ మూలం మా వదినగారు, అంటే నా భార్యకు అక్క. ఆవిడ రేపల్లెలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసి విరమించారు. పెళ్లి చేసుకోలేదు. ఆ ఊళ్లోనే ఒక ఇంటి వెనుక భాగంలో అద్దెకుంటున్నారు. ఇంటి యజమాని ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టదలచి, కొత్త సంవత్సరానికల్లా ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పాడు. సంగతి తెలిసిన రోజునే నా భార్య ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి మాట్లాడటం ఆమె అలవాటు కనుక నేనూ విన్నాను.

"అక్కా, మా ముందుగది ఖాళీగానే ఉంది. సామాను సర్దుకుని వచ్చెయ్."

"క్రిస్మస్‌కి వస్తాలే. పండగ వెళ్లాక చూద్దాం. ఇక్కడే ఇంకో గది ఉందని పాలావిడ చెప్పింది."

"చెల్లెలింట్లో గది ఉండగా పాలావిడ చెప్పిన గదేంటక్కా?"

"చుట్టంగా ఉండటం నాకు చేతకాదమ్మాయ్. హాస్టలంతా నా చేతిమీద నడిచింది. ఇప్పుడు ఒకరింట్లో కూర్చుని టీ ఎప్పుడిస్తారా అని గుమ్మం వైపు చూడమంటావా?"

నా భార్య ఫోన్ పెట్టేసింది. తరువాత అంది: "మా చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్లు మాకు మేమిద్దరమే మిగిలామండి. అక్క అక్కడ ఒక్కతీ గది చూసుకుంటే నాకిక్కడ ముద్ద దిగదు."

అక్కను నిలుపుకోవడానికి ఆమె ఆలోచించిన ఉపాయం ఇది: ముందుగదిని, బాపట్లలో వారిద్దరూ పెరిగిన, వాళ్ల నాన్నగారి ఉద్యోగపు క్వార్టరులాగా మార్చడం. తలుపు తీయగానే వదినగారు ఇది తమ ఇల్లే అనుకోవాలి. కొత్త వస్తువులకు పాతదనం తెప్పించే విద్యను నా భార్య ఫోన్‌లో వీడియోలు చూసి అప్పటికే కొంత సాధించింది. మా ఇంట్లోని ఫోటోల చట్రాలు, పప్పుల డబ్బాలు ఆ విద్యకు ఇదివరకే లోనయ్యాయి. నేను సహించాను. ఇప్పుడు ఏకంగా ఒక గది.

మొదట మేము రైలెక్కి బాపట్ల వెళ్లాం. పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలు, బల్లలు అమ్మే పాత కలప అడితి అక్కడ ఒకటుంది. యజమాని ఒక బల్ల చూపించాడు.

"టేకండి మేడమ్. పాలిష్ కొట్టించి ఇస్తాను, మొహం చూసుకోవచ్చు."

"వద్దండి. ఇంకొంచెం పాతగా కనపడేది ఏదైనా ఉందా?"

అతడు నా వైపు తిరిగాడు. "ఏంటి సార్ మేడమ్‌గారు? వచ్చినోళ్లంతా కొత్తగా కనపడేది అడుగుతారు."

"నన్నడక్కు. నేను బల్ల మోయడానికి వచ్చాను," అన్నాను.

చివరకు రెండు సొరుగులున్న రాతబల్ల ఒకటి దొరికింది. ఒక కాలు కొంచెం పొట్టి. ఆమెకు అది మరీ నచ్చింది. బల్ల ట్రాలీ ఆటోలోనూ, మేము రైల్లోనూ తెనాలి చేరాం.

తరువాత గోడలు. ఆ కాలపు క్వార్టర్లలో గోడకు సగం ఎత్తు వరకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటూ, పైన తెల్లసున్నమూ, రెండింటికీ నడుమ నల్లని గీతా ఉండేవి. తలనూనె మరకలూ పిల్లల చేతి ముద్రలూ తుడిస్తే పోవడానికి చేసిన ఏర్పాటు అది. అందులో న్యాయముంది కనుక నేను అభ్యంతరం చెప్పలేదు. పైగా నడిమి గీత బాధ్యత నేనే తీసుకున్నాను. సన్నని గొట్టంలో నీళ్లు నింపి గది నాలుగు మూలలా మట్టం చూశాను. దారాన్ని నీలంపొడిలో ముంచి, ఒక కొస ఆమెకిచ్చి, బిగలాగి గోడమీద కొట్టాను.

"ఇంకా ఎంతసేపండి? చెయ్యి లాగుతోంది."

"కదలకు. గీత వంకరైతే జీవితాంతం కనబడుతుంది."

"ఎవరికి?"

"నాకు."

బల్ల వంతు వచ్చేసరికి మా మధ్య సిద్ధాంతభేదం తలెత్తింది. ముందు చెక్కకు ముదురు గోధుమరంగు పూసింది. అది ఆరాక అంచుల వెంబడి కొవ్వొత్తి రుద్దింది. దానిపై లేత నీలం రంగు. ఆ నీలం మెరవకుండా ఉండటానికి అందులో సుద్దపొడి కలిపింది, అదీ టీ వడకట్టే జాలీలో జల్లించి. ఉద్యోగకాలమంతా నా చొక్కాలను వదలని సుద్దపొడి, విరమణ తరువాత ఇంత మర్యాదగా ఇంట్లో ప్రవేశిస్తుందని నేనూహించలేదు. నీలం వేసిన మరునాడే ఈ గీకుడు. కొవ్వొత్తి రుద్దినచోట రంగు పట్టదు కాబట్టి ఉప్పుకాగితం తగలగానే పెచ్చులుగా లేచిపోయి, కింది గోధుమరంగు బయటపడేది. కొన్నిచోట్ల చెక్క కూడా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆమె ఇష్టం వచ్చినట్లు గీకలేదు. సొరుగు లాగేటప్పుడు వేళ్లు తగిలేచోట, రాసేటప్పుడు మోచేయి ఆనేచోట, ఊడ్చేటప్పుడు చీపురు కొట్టుకునే కాళ్లదగ్గర మాత్రమే గీకింది. పాతదనానికీ ఒక క్రమం ఉందని నాకు అప్పుడు బోధపడింది. ఆ క్రమం మా పక్కింటావిడకు మాత్రం బోధపడలేదు. ప్రహరీ మీదుగా చూసి, "ఏంటి మాస్టారూ, రంగు చాల్లేదా? మా ఇంట్లో అరడబ్బా మిగిలింది, ఇమ్మంటారా?" అంది.

పేరాల ఊరి నేత దుప్పటి మంచంమీద పరచి, అద్దం గోడకు తగిలించాక, పండుగకు రెండు మూడు వారాల ముందే రేపల్లె పాసింజరులో వదినగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూశారు.

"బాపట్ల ఇల్లులా ఉందే," అన్నారు.

నా భార్య ముఖం వెలిగిపోయింది. కాని ఆ వెలుగు ఎంతోకాలం నిలవలేదు. వదినగారు ఆ గదిలో, రైలు కోసం ఎదురుచూసే ప్రయాణికుల్లా కుర్చీ అంచున కూర్చునేవారు. ఉదయం పెట్టెలోంచి చీర తీసుకుని మళ్లీ జిప్పు వేసేసేవారు. అలమరలో ఒక్క వస్త్రమూ పెట్టలేదు. "మరిదిగారూ, పేపరు చదవటం అయిందా? అయితేనే ఇవ్వండి," అనేవారు. వంటింట్లోకి వస్తే నా భార్య ఆవిడ చేతిలోని గరిటె లాక్కునేది.

"అక్కా, నువ్వెళ్లి కూర్చో. ఇన్నాళ్లూ చేసింది చాలు."

"కూరగాయలైనా తరుగుతానే."

"వద్దక్కా. హాయిగా కూర్చో."

ఆవిడ వెళ్లి కూర్చునేవారు. అందులో హాయి నాకైతే కనబడలేదు. ఒక సాయంత్రం వరండాలో ఆవిడ ఫోన్‌లో మాట్లాడటం మా ఇద్దరికీ వినిపించింది. "ఆ గది ఇంకా ఉందా? ఉంటే ఎవరికీ చెప్పకమ్మా. పండగ కాగానే వచ్చేస్తాను." నా భార్య ఆ రోజు అన్నం దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు.

ఆ మరుసటి వారం చుండూరులో మా పాత సహోద్యోగి ఇంట పెళ్లి. వదినగారు రానన్నారు. "నాకక్కడ ఎవరు తెలుసు? మీరెళ్లిరండి." భోజనాలయ్యాక మేము తిరిగి వచ్చేసరికి వీధిలోకే టర్పెంటైన్ వాసన వస్తోంది. వరండాలో పాత పేపర్లు పరచి ఉన్నాయి. వాటిమీద మా రాతబల్ల ఉంది. అది నీలంగా లేదు. గోడలకు వేయగా మిగిలితే మెట్లకింద పెట్టిన ఆకుపచ్చ ఆయిల్ పెయింటు దానిమీద నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. గీకిన చోటు ఒక్కటీ మిగల్లేదు. నిజం చెప్పవలసివస్తే ఆ పూత నిర్దుష్టం. కుంచె జాడ ఎక్కడా కనబడలేదు.

"వచ్చారా? ముట్టుకోకండి, ఇంకా తడిగా ఉంది," అన్నారు వదినగారు. ఆవిడ కొంగు నడుముకు చుట్టి ఉంది. "ఎవర్నే పెట్టావు పనికి? అంచులన్నీ అలాగే వదిలేసి పోయాడు. సొరుగు దగ్గరైతే చెక్క కనపడుతోంది. ఇలాంటివాణ్ణి మా హాస్టల్ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు."

చెప్పులు విడవడానికి ఆ పూట నాకు మామూలుకంటె ఎక్కువ సమయం పట్టింది.

"నేనేనక్కా," అంది నా భార్య.

"ఏం నువ్వు?"

"ఆ పనివాణ్ణి."

వదినగారు కుంచెను డబ్బామీద అడ్డంగా పెట్టారు.

"కావాలనే గీకానక్కా. బాపట్లలో మన బల్ల అలాగే ఉండేది కదా. సొరుగు దగ్గర రంగు పోయి, కాళ్ల దగ్గర చీపురు తగిలి. అది చూసి ఇది మనిల్లే అనుకుంటావని."

"అలా ఉండేది డిసెంబరు దాకానే. క్రిస్మస్‌కి దానికి రంగు ఎవరు వేశారనుకున్నావు?"

"నాన్న."

"నాన్నకి కుంచె పట్టుకోవటం ఎక్కడొచ్చు? నేనే. ఏటా బల్ల, స్టూళ్లు, కిటికీలు అన్నీ నేనే. నువ్వు తడిరంగు మీద చేతులు పెడతావని ఆ రోజు నిన్ను పక్కింట్లో కూర్చోబెట్టేవాళ్లం."

"అందుకా పంపేవాళ్లు? వాళ్లు పిలిచి అరిసెలు పెడుతున్నారనుకునేదాన్ని."

"పెట్టేవాళ్లు. ఆ అరిసెలూ మనవే. నువ్వు ఏడవకుండా అమ్మ ఇచ్చి పంపేది."

నా భార్య ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆపుకోలేక మెట్టుమీద కూర్చుని నవ్వింది. వదినగారు కాసేపు బిగబట్టి, చివరకు తామూ నవ్వారు. ఆ ఇంటిని చెల్లెలు పెచ్చులూడిన అంచులతో గుర్తుపెట్టుకుంది. అక్క తన చేతిలోని కుంచెతో గుర్తుపెట్టుకున్నారు. మేము గోడలూ, బల్లా, అద్దమూ అన్నీ అమర్చాం గాని, ఆ ఇంట్లో ఆవిడకు ఉండిన పనిని మాత్రం గదిలో పెట్టలేదు. ఇది నాకు తోచేసరికే నా భార్యకు తోచినట్లుంది.

"అక్కా, వంటింటి కిటికీ రెక్కలు చూశావా?"

"వచ్చిన రోజే చూశాను. సిగ్గు లేకుండా పెచ్చులు రాలుతున్నాయి. అడిగితే కూర్చోమంటావని ఊరుకున్నాను."

"అయితే నువ్వే వెయ్యి. ఇక కూర్చోమనను."

"వేస్తా. కానీ నీ గీకుడు నేనొప్పుకోను."

"అద్దం చట్రం ఒక్కటీ నాకొదిలెయ్యక్కా."

"చూద్దాం. మరిదిగారూ, అలా నిలబడ్డారేంటండి? కిటికీ బోల్టులు విప్పే సాధనం ఉందా ఇంట్లో?"

ఉందన్నాను. మా ఇంట్లో సాధనాలకు నిర్దిష్టమైన స్థానముంది. అది విని ఆవిడ మొదటిసారి నన్ను కొంత గౌరవంతో చూశారు.

ఆ క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చిన వారందరికీ కేకుతోపాటు దేనికీ ఆనుకోవద్దన్న హెచ్చరిక కూడా లభించింది. అక్కచెల్లెళ్లు రోజూ తగవులాడుకున్నారు. ఒకరు మెరవాలంటారు, ఒకరు మెరవకూడదంటారు. కూరగాయలు ఎవరికి వీలైతే వారు తరిగారు. పండుగ వెళ్లిన మర్నాడు వదినగారు వరండాలో నిలబడి పాలావిడకు ఫోన్ చేశారు.

"ఆ గది ఇంకెవరికన్నా ఇప్పించమ్మా. లేదు, రావట్లేదు. ఇక్కడ చాలా పనుంది. మా చెల్లికి రంగు వెయ్యటం సరిగ్గా రాదు."

వంటింట్లో నా భార్య పొయ్యి కట్టేసి, ఆ చివరి మాట అయ్యేదాకా కదలకుండా విన్నది. ఆ నిందకు ఆమె ఎందుకు అంత సంతోషించిందో నేను అడగలేదు.

వదినగారు సామాను తేవడానికి రేపల్లె వెళ్లారు. వారం తిరక్కుండా అక్కడినుంచి ట్రాలీ ఆటో వచ్చింది. ఇనుపమంచం, పూలకుండీలు, వంటసామాను వెనుకా, డ్రైవరు పక్కన వదినగారూ. దిగీదిగగానే ఆవిడ మా ఇనుపగేటును వేలితో గీరి చూశారు. వేలికి తుప్పంటింది.

"ఇంత పద్ధతి గల మనుషులు గేటుని ఇలా వదిలేశారేంటండీ?" అన్నారు.

సామాను సగం కూడా దించకముందే, ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్ డబ్బా కొనుక్కురమ్మని నన్ను బజారుకు పంపారు. నేను వెళ్లాను.