ఉమ్ సలాల్‌లో తయారైన ఫ్లెక్సీ

గల్ఫ్‌లో, ఉమ్ సలాల్‌లో నేను కారు నడిపే ఇంట్లో అమెరికా మేడమ్‌కు పాత ఎన్నికల పోస్టర్ల పిచ్చి. వాళ్ల దేశంలో ఎప్పుడో పోటీ చేసి గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ అద్దాల వెనక నుంచి హాలంతా కనిపెట్టుకుని ఉంటారు. వాళ్ల మొహాల మీద దుమ్ము తుడవడం కూడా డ్రైవర్ డ్యూటీయేనని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఆ ఇంటి తోట పని చేసేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు. ఊరు చూసి ఏళ్లయింది. జుట్టులో సగం ఇక్కడి ఎండకే ఇచ్చేశాడు. వాళ్ల ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వ్ అయితే భార్య నిలబడింది. ఇతనికి ఈసారీ సెలవు దొరకలేదు. కనీసం ఫ్లెక్సీలోనైనా ఊరి నడిబొడ్డున నిలబడాలని పట్టుబట్టాడు. దాన్ని ఫోన్లో తయారుచేసి పంపే బాధ్యత నాది. నాకు కళాదృష్టి ఉందని నేనే చెప్పుకున్నాను మరి.

మేడమ్‌ను అడిగి, నమూనాలు చూద్దువుగాని రమ్మని తమ్ముణ్ణి హాల్లోకి తీసుకెళ్లాను. మొదటి పోస్టర్లో నాయకుడి మొహం, పేరు, జెండా. అంతే. అతను మూలమూలలా వెతికాడు.

“అన్నా, గీయనకు ఎవ్వలు లేరా? అన్నదమ్ములు, దోస్తులు, ఒక్కరి ఫోటో లేదు. పాపం, ఎట్ల గెలుస్తడు?”

“ఓడిపోయాడంట,” అన్నాను. మేడమ్ చెప్పిన సంగతే.

“గట్లనే ఐతది మరి.”

పక్క పోస్టర్లో కూలివాడి అన్నం డబ్బా బొమ్మ ఉంది, ఈయన్ని గెలిపిస్తే అది నిండుతుందని. “ఈయనకు తెలివున్నది,” అని మెచ్చుకున్నాడు.

ఇక మా ఫ్లెక్సీ. పైన వరసగా ఇక్కడి లేబర్ క్యాంప్ దోస్తులు, నల్ల కళ్లద్దాలతో. ఇక్కడే అల్ వక్రాలో పనిచేసే అతని బావమరిది ఒంటె పక్కన దిగిన ఫోటో తప్ప వేరేది లేదన్నాడు. ఒంటెను కత్తిరిస్తే ఆయన చెవి పోతోంది, అందుకని ఒంటెనూ ఉంచాం. నడిమధ్య ఇతను, చేతులు జోడించి, నిలువెత్తున. ఒక మూల నేనూ ఉన్నాను. చేసినవాడికి ఆ మాత్రం హక్కుండదా? చివరికి అభ్యర్థికి కత్తెర గుర్తు పక్కన గోరంత జాగా మిగిలింది. ఇద్దరం చూసి చూసి మురిసిపోయాం.

ఆ వారంలోనే అతని భార్య వీడియో కాల్ చేసింది. వెనక గోడకు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఆమె ఒక్కతే. కింద పేరు, కత్తెర. మందీ లేదు, మార్బలం లేదు, ఒంటె లేదు.

అతని మొహం మాడిపోయింది. “నా ఫోటో ఏది?”

“మీరు పంపిందే ముందుగాల కట్టిన,” అందామె. “వాడకట్టోళ్లు వచ్చి, ‘నడుమ ఉన్నాయన ఎవరమ్మా’ అని అడుగవట్టిరి. ఓట్లు అడగాల్నా, నువ్వెవలో చెప్పుకుంట తిరగాల్నా?”

నాకు ఫక్కున నవ్వొచ్చింది. అతని కళ్లు చూశాక ఆ నవ్వు మీద నాకే అసహ్యం వేసింది. అతను ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు.

“సరే తియ్. ఓట్లు అయిపోయినంక, ఖాళీగున్నప్పుడు, నేనెవలో వాళ్లకు జెర చెప్పు.”