మూలా నక్షత్రానికి అర్ధగంట

మా అన్న కూతురిది మూలా నక్షత్రం. మూలలో పుట్టిన పిల్ల కోడలుగా వస్తే మామకు గండమని మన పెద్దలు కనిపెట్టారు. మామ వల్ల కోడలికి గండం తెచ్చే చుక్క మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

సంబంధం పక్కనున్న ముప్కాల్ ఊరిది. పిల్లవాడు మా పిల్లతో కలిసి చదివినవాడే. ఇద్దరికీ ఇష్టమే. అడ్డం ఆ చుక్క ఒక్కటే.

చిత్రమేమిటంటే, హైదరాబాదులో మా పిల్ల ఉద్యోగం ఆ చుక్క వైపు చూడటమే. మూల కనిపించే దిక్కునే, దానికి ఎంతో వెనక, మన పాలపుంత నడిబొడ్డు ఉంది. అక్కడ కిక్కిరిసిన నక్షత్రాల్లో ఏదో ఒకటి ఉన్నట్టుండి కొన్ని వారాలు వెలుగు పెరిగి, పెరిగిన తీరునే తగ్గిపోతుంది. ఆ నక్షత్రంలో మార్పేమీ ఉండదు. మనకూ దానికీ మధ్య నుంచి కంటికి కనిపించని మరో నక్షత్రమో గ్రహమో జరిగిపోతూ, తన ఆకర్షణతో ఆ కాంతిని వంచి భూతద్దంలా మన వైపు పోగుచేస్తుంది. దూరదర్శినుల కొలతల్లోంచి అలాంటివాటిని ఏరడం ఆమె పని. ఏ కొలత ఎప్పటిదో తప్పు పడితే అంతా వృథా.

పసుపు ఉడకబెట్టి ఆరబోసిన రోజుల్లో పిల్లవాడి తండ్రి పెర్కిట్‌లోని మా అన్న ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే వాకిట్లోంచి ఒక కొమ్ము తీసి, టక్కున విరిచి లోపలి రంగు చూశాడు.

"మంచిగ ఎండింది బావా."

"నేను చెప్తె నమ్మవా?" అన్నాడు అన్న.

"పసుపు కాడ కన్నతండ్రినైనా నమ్మ."

విరిచి చూడందే కొమ్మును నమ్మని ఈ పెద్దమనిషి పంతులు మాటను మాత్రం గుటుక్కున మింగి వచ్చాడు. "పిల్ల మూల ఆఖర్ల పుట్టిందట. అర్ధగంట ఆలస్యంగ పుట్టిందంటే పూర్వాషాఢ అయితది. మా సుట్టాలకు గట్లనే చెప్దాం. ఇగ ఫికర్ లేదు."

"నిన్ను చంపే చుక్క గా అర్ధగంట మాట నమ్ముతదా?" అని అడిగాను.

"నువ్వు జర ఊకో. నీకు దేవుడే లేడు, చుక్కలతోని నీకేం పని?" అన్నాడాయన.

మా అన్న తలూపాడు. ఇదీ మనవాళ్ల భక్తి. చుక్క మనిషిని చంపగలదట, కానీ మనం అబద్ధమాడితే కనిపెట్టలేదట.

సెలవుకు ఇంటికొచ్చి వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మా పిల్ల అంతా వింటూనే ఉంది. "టైం మార్చిన కొలత ఒక్కటి కలిసినా మేం పారేస్తం మామా. నా పుట్టిన టైం నేనెట్ల మారుస్త?"

"గది నౌకరి బిడ్డా. గిది పెండ్లి."

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. "గిదిగో, మూల దిక్కే. గీ చుక్క వెలుగు రోజురోజుకు పెరుగుతాంది."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "ఎన్నాళ్లు పెరుగుతది?"

"ఇంకో రెండు వారాలు. తర్వాత తగ్గుతది."

"అయితే గది తగ్గినంకనే మాట్లాడుదాం బావా. గిప్పుడు మూల మస్తు జోరు మీదున్నది."

మా అన్న దానికీ తలూపాడు. వెలుగు ఎందుకు పెరిగిందో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

పిల్ల ల్యాప్‌టాప్ మూసింది. "తగ్గినంక గది మళ్ల పెరగది మామా. ఒక్కసారే. గంతలోపు మీ కొడుకును రమ్మనుండ్రి. మూలల పుట్టిన పిల్లనే చేసుకుంటున్న అని సుట్టాలందరికి చెప్తెనే పెండ్లి. లేకుంటె లేదు."

ఆయన చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు. మా అన్న నా మీద అరిచాడు, కూతురి మీద అరవలేక.

ఆ చుక్క వెలుగు ఆమె చెప్పిన తీరునే ఎక్కి, ఆమె చెప్పిన తీరునే దిగింది. ముప్కాల్ నుంచి ఎవరూ రాలేదు. "బాపును ఒప్పిస్తున్న" అని పిల్లవాడు ఫోన్లో అంటూ ఉండేవాడు. వెలుగు పూర్తిగా దిగిన రోజు మా పిల్ల అతని నంబరు తీసేసింది.

మామగారు క్షేమం. మొన్న పసుపు మార్కెట్లో కనిపించాడు. ఎవరిదో కుప్ప ముందు కూర్చుని కొమ్ములు విరుస్తున్నాడు.