నిచ్చెన గుర్తు అభ్యర్థిని

తొంభైల నడుమ నేనూ ఒకసారి పార్లమెంటుకు పోటీ చేశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు నాకు కుర్చీ జరుపుతారు. ఆ ఎన్నికలో వందలమందిమి పోటీ చేశామని చెప్పగానే దాన్ని మళ్లీ వెనక్కి లాక్కుంటారు.

మా నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లు పచ్చబడి, పెద్దల నడుములు వంగిపోతున్నా ఏ నాయకుడూ పట్టించుకోలేదు. ఆ కోపంతో ఊరూరి నుంచీ జనం వెళ్లి నామినేషన్లు వేశారు. బ్యాలెట్టు కాగితం కాస్తా పుస్తకమైంది, ఎన్నిక వాయిదా పడింది. ఆ పుస్తకంలో నేనూ ఉన్నాను. అచ్చులో నా పేరు పడడం అదే మొదలు.

అప్పుడు నేను చౌటుప్పల్‌లో బట్టలు కుట్టేదాన్ని. నాతో ఒకామె ఉండేది. ఆమె మిషను ఆమెది, నా మిషను నాది, వంట ఒకటి, మంచం ఒకటి. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆలుమగల్లాగే బతుకుతున్నాం. దాన్ని ఏమంటారో మాకు తెలియదు. అడిగినవాళ్లకు ఒకసారి స్నేహితులమని, ఇంకోసారి చుట్టాలమని చెప్పేదాన్ని. ఎవరికి ఏం చెప్పానో నేను మరిచిపోయేదాన్ని, ఆమె గుర్తుపెట్టుకునేది.

పోటీ చేద్దామనుకున్నప్పటి నుంచి నాకు ఢిల్లీ పిచ్చి పట్టింది. జాకెట్లు ఇస్త్రీ చేస్తూ ఉపన్యాసాలిచ్చేదాన్ని. మొదట నీళ్ల సంగతి అడుగుతాను, తర్వాత మన సంగతి చెబుతాను, ఈమే నా మనిషి అని దేశమంతా వినేలా చెబుతాను అనేదాన్ని. ఆమె గుండీలు కుట్టుకుంటూ వినేది. ఒక్కసారీ నవ్వలేదు. నా మాటలు నమ్మింది పాపం.

నామినేషను వేయడానికి నల్లగొండ కలెక్టరాఫీసుకు ఇద్దరం పోయాం. నన్ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేది ఆమే. పెళ్లిళ్లకు మాత్రమే తీసే పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ ఎండలో ఈ చీరేమిటని విసుక్కున్నాను కూడా. కాగితాలు చూసే గుమాస్తా తల ఎత్తకుండానే, "ఈమె నీకేమైతదమ్మా?" అని అడిగాడు.

ఆ కాగితంలో అలాంటి ప్రశ్నే లేదు. ఊరికే అడిగాడు. దేశం మొత్తానికి చెప్పబోయేదాన్ని, "మా చిన్నమ్మ బిడ్డ సార్" అన్నాను.

ఆమె సంతకం పెట్టింది. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాకా కిటికీలోంచి బయటికే చూసింది. నాకు చాలా సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పొట్లంలో పల్లీలన్నీ నేనే తిన్నాను.

గుర్తుగా కుట్టుమిషను అడిగితే అది ఇంకెవరికో పోయింది, నాకు నిచ్చెన వచ్చింది. పోలింగునాడు ఆ పుస్తకం ముందేసుకుని నన్ను నేను వెతుక్కుంటున్నాను. పేజీలు తిప్పుతుంటే కుట్టుమిషను కనబడింది. రోజంతా మిషను మీదే ఉండే చెయ్యి, దాని మీదే ముద్ర గుద్దేసింది. అలా నా ఓటు ముఖం కూడా తెలియని ఒక పెద్దమనిషికి పడింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా తర్వాత లోపలికి పోయిన ఆమె చాలాసేపు బయటికి రాలేదు. లైన్లో ఉన్నవాళ్లు గొణుగుతుంటే నేనూ వాళ్లతో కలిసి గొణిగాను.

చివరికి లెక్క తేలింది. నాకు వచ్చింది ఒక్క ఓటు.

మేం కిరాయికున్న ఇల్లు ఒక ముసలి బీబీది. ఆమెకూ చిన్నమ్మ బిడ్డ అనే చెప్పుకున్నాను. ఆమె చాయ్ గ్లాసు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. తనకైతే ఆ పుస్తకంలో నా నిచ్చెన దొరకనే లేదని ముందుగా చెప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నీ ఓటు నువ్వేసుకున్నవు. మరి నీ చిన్నమ్మ బిడ్డ ఎవరికేసిందే?" అని అడిగింది.

లోపల మిషను నడుస్తోంది. ఊరుకుంటే నింద ఆమె మీద పడుతుంది. అప్పటికే వాడంతా అదే అనుకుంటోందని బీబీ ముఖమే చెబుతోంది.

"నా ఓటు నాకు పడలే బీబీ. గా ఒక్కటి ఆమెదే" అన్నాను. "ఆమె చిన్నమ్మ బిడ్డ కాదు. మా ఆమె."

మా దిక్కు మగవాళ్లు భార్యను అలాగే అంటారు. బీబీ చాయ్ ఒక గుక్క తాగి, ఇది చెప్పడానికి తొమ్మిదేండ్లు పట్టిందా అంది.

లోపల మిషను ఆగింది. ఆమె గడపదాకా వచ్చి నిలబడింది.

"గీ మాట గా ఆఫీసుల చెప్తవనే, పట్టుచీర కట్టుకొచ్చిన."