దారిలో కునుకు తీయకూడదు

ఆ బస్సులో పెద్దావిడ మీద నాకు మొదట వచ్చింది కోపమే.

మా బాబుకు ఫిట్స్ వచ్చాయి. నిద్రలో వాడి మెదడులో లేచే విద్యుత్ తరంగాలను మిషన్ మీద చూడాలన్నారు డాక్టరు. పరీక్షలోనే నిద్రపోవాలి కాబట్టి తెల్లవారకముందే లేపమన్నారు, దారిలో కునుకు కూడా తీయనివ్వొద్దన్నారు. నేనైతే రాత్రంతా పడుకోనే లేదు.

ఆసుపత్రికి వెళ్లే బస్సు సైనిక్‌పురి దాటగానే వాడి కళ్లు మూతపడసాగాయి. నేను చెంపలు తడుతుంటే, పక్క సీట్లోని ఆవిడ వాడి వీపు మీద జోకొట్టడం మొదలుపెట్టింది.

"జోకొట్టకండి," కసిరాను.

"పండుకోనియ్యి బిడ్డా. చిన్న పోరన్ని గిట్ల పరేషాన్ చేస్తరా?"

"ఏం తల్లులో," అని వెనక నుంచి ఇంకెవరో.

విసుగొచ్చి అంతా చెప్పేశాను. ఇప్పుడు పడుకుంటే అక్కడ పడుకోడని, పరీక్ష మళ్లీ వాయిదా పడుతుందని.

"ముందుగాల చెప్పొద్దా? ఇటియ్యి," అని వాణ్ని ఒళ్లోకి తీసుకుంది.

కార్ఖానా స్టాపు దగ్గర ఆవిడ నన్ను తట్టింది. నా తల ఆవిడ భుజం మీద ఉంది. వాడు ఆవిడ గాజులు లాగుతూ నవ్వుతున్నాడు.

"వీడు పండుకోలే బిడ్డా," అంది. "నువ్వే పండుకున్నవ్."