రుమాలు కింది మాట

మా కాలువ కింది రైతులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దానికి నేనే అడ్మిన్. ఈ పదవి గౌరవంతో వచ్చింది కాదు. తెలుగులో టైపు చేసే ఓపిక నాకే ఉందని అంటగట్టారు. కోటగిరి దగ్గర నా పొలం కాలువకు నడుమన ఉంటుంది కాబట్టి పైవాళ్లూ కిందివాళ్లూ నన్ను సమానంగా తిడతారు. చెరుకు మానేసి అందరం వరి మీద పడ్డాక నీళ్ల వంతుల గొడవ మరీ ఎక్కువైంది.

గ్రూపులో మావాళ్ల పెద్దరికం చూసి తీరాలి. పొద్దున గులాబీ పువ్వు మీద శుభోదయం పంపిన మనిషే మధ్యాహ్నానికల్లా ఎదుటివాడి తాతముత్తాతలను బయటికి లాగుతాడు. అందరికంటే ఎక్కువ రాసేది, పొలం ఎప్పుడో అమ్ముకుని నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆయనకు కావలసింది నీళ్లు కాదు, గెలుపు. ఆయనకు దుబాయ్ నుంచి ఒకడు వంత పాడతాడు. వాడున్న చోట కాలువే లేదు.

మొన్న యాసంగిలో వరి పొట్టకొచ్చిన వేళ, కాలువ చివర పొలం ఉన్న చాచా ఒక ఫొటో పెట్టాడు. బోధన్‌లో పాత కుటుంబం వాళ్లది, మనిషి నెమ్మది. ఫొటోలో మడి నెర్రెలిచ్చి ఉంది. తన వంతు వచ్చినా నీళ్లు రాలేదనీ, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే గింజ పట్టదనీ కింద రాశాడు. కాలువ మొదట్లో పొలం ఉన్న అన్న తన వంతు అయిపోయినా తూము మూయడం లేదని అందరికీ తెలుసు.

"నా పొలమే ఇంకా తడవలేదు" అని జవాబు పెట్టాడు అన్న. ఇక మొదలైంది. ఒకడు అబద్ధాలకోరు అన్నాడు. ఒకడు పార్టీని తెచ్చాడు. మరొకడు చాచా మతం దాకా పోయాడు. వాడిని తీసేశాను, వాడి బామ్మర్ది అలిగి తానే వెళ్లిపోయాడు. చాచా పక్షం వహించినవాళ్లూ తక్కువేం తినలేదు. ఆయన ఎండిన మడిని ఊరేగించారే తప్ప, ఒక్కడూ కాలువ దాకా పోయి చూసిన పాపాన పోలేదు. సాయంత్రానికి అన్న బిగుసుకుపోయాడు. అంతమంది చూస్తుండగా తూము మూస్తే తల వంచినట్టే కదా మరి.

నాకు ఒళ్లు మండింది. అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేశాను.

చిన్నప్పుడు బాపు వెంట పశువుల సంతకు పోయేదాన్ని. అక్కడ ధర పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద రుమాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. కాదన్న ధర చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు కాబట్టి ఒక మెట్టు దిగడానికి ఎవరికీ నామోషీ ఉండదు. ఎద్దును కొనడానికి పాటించే మర్యాద మనిషితో మాట్లాడటానికి పాటించం మేము.

చాచాతోనూ అన్నతోనూ వేరే చిన్న గ్రూపు చేశాను. ఒకటే షరతు పెట్టాను. ఎదుటి మనిషి బాధేమిటో ముందు చెప్పాలి, అతను ఔనన్నాకే తన మాట చెప్పుకోవాలి. ఇదేం పిల్లలాట అని విసుక్కున్నాడు అన్న. చివరికి, చాచాకు ఒక్క తడి కావాలని తనకూ తెలుసని గొణిగాడు. చాచా ఔనని, తన వంతుగా వాయిస్ పెట్టాడు.

"నీ పొలం తడవలే, గందుకే తూము మూస్తలేవు. గంతేనా బేటా?"

జవాబుగా వచ్చిన అన్న గొంతు, మధ్యాహ్నం గర్జించిన గొంతు కాదు.

"గంతే కాదు చాచా. ఎండ్రికాయలు నా గట్టుకు బొక్కలు పెట్టినయి. ఎంత పెట్టినా నీళ్లన్ని ఒర్రెల పోతున్నయి. గ్రూపుల చెప్తె, గట్టు సూసుకోనోడు గూడ రైతేనా అని నవ్వరా?"

అదీ సంగతి. నీళ్లు ఈయనకూ లేవు, ఆయనకూ లేవు. మేమంతా న్యాయాన్యాయాలు తేలుస్తుంటే అవి పీతల బొక్కల గుండా నిక్షేపంగా పక్క వాగులో పోతున్నాయి.

చాచా నవ్వలేదు. ముందు తూము మూయమన్నాడు, పొద్దున్నే పార పట్టుకుని వస్తాననీ, ఇద్దరం కలిసి గట్టు బొక్కలు పూడ్చుదామనీ అన్నాడు. అన్న ఆ రాత్రే తూము మూశాడు, చాచా చెప్పినట్టే పొద్దున్నే పోయాడు.

నీళ్లు చివరిదాకా చేరాక గ్రూపు తాళం తీశాను. చాచా తడిసిన మడి ఫొటో పెట్టాడు. ఎండిన మడికి ఏడుపు బొమ్మలు కుమ్మరించినవాళ్లు దీనికి ఒక్క బొటనవేలూ ఎత్తలేదు. నిజామాబాద్ పెద్దమనిషి మాత్రం ఆరా తీశాడు, ఆఖరికి తప్పెవరిదని తేలిందని.

అన్న పరువు చాచా చేతిలో ఉంది. ఆయన టైపు చేస్తున్నంతసేపూ గ్రూపుకు మళ్లీ తాళం వేసే మీట మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"ఎండ్రికాయలది" అని రాశాడు చాచా. ఎవరి గట్టో రాయలేదు.